బొంతమ్మ చేను పడుకున్న ఏడాది

అనగనగా ఒక అడవిలో, ఎర్రమట్టి దిబ్బ పక్కన, ఒక ఎలుగుబంటి ఉండేది. అరెరే, అప్పుడే దుప్పటి ముసుగేసుకోకండి! ఈ ఎలుగుబంటి ఎవరినీ తరమదు. దానికంత తీరిక ఎక్కడిది? అది వ్యవసాయం చేస్తుంది.

దాని పేరు బొంతమ్మ. ఒళ్లంతా మెత్తటి బొంత కప్పుకున్నట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. తన చేలో అది పెన్నేరు పండించేది. అశ్వగంధ అంటారే, అదే. జ్వరం తగ్గి నీరసపడ్డవాళ్లకు ఆ వేరు దంచి, తేనెలో కలిపి తినిపిస్తే కాళ్లకు బలం వస్తుందని ఆ అడవిలో అందరి నమ్మకం.

మంచి పెన్నేరు వేరుకు గుర్రం వాసన రావాలి. ఆ అడవిలోనేమో గుర్రం లేదు. అందుకని వాసన చూసే పెద్దరికం గంభీరయ్య అనే గాడిదకు దక్కింది.

"గుర్రం నాకు పెద్దనాన్న వరస. మా ఇంటి వాసన నాకు తెలియదా?" అని గంభీరయ్య మెడ ఎత్తుకుని తిరిగేవాడు. మీరు నవ్వకండి. సరే, కొంచెం నవ్వండి.

ఏటా వేర్లు తవ్వాక గంభీరయ్య వచ్చేవాడు. ఒక వేరు విరిచి వాసన చూసేవాడు. గట్టిగా ఓండ్రపెట్టేవాడు. అప్పుడే మందు పంచేవాళ్లు. ఓండ్ర లేకపోతే మందు లేదు. అది అక్కడి ఆచారం.

ఒక ఏడు ఓండ్ర వినపడలేదు.

"ఏం మామా, గొంతు పోయిందా?" అని అడిగింది చిటికి. చిటికి అంటే కుందేలు. పని తక్కువ, మాటలెక్కువ.

"గొంతుకేం, బంగారంలా ఉంది. బాగాలేనిది వేరు. చూడు, ఎలుక తోకలా ఉంది! వాసన చూస్తే ఎండుగడ్డి" అన్నాడు గంభీరయ్య.

బొంతమ్మ ఆ వేరు లాక్కుని తానే వాసన చూసింది. ఎందుకంటే ఆ వేరు కోసం చుక్కి ఎదురుచూస్తోంది. చుక్కి చిన్న జింకపిల్ల. వానల్లో జ్వరం వచ్చింది. జ్వరమైతే పోయింది గానీ పోతూ పోతూ కాళ్లలో బలం పట్టుకుపోయింది. లేచి నిలబడుతుంది, రెండడుగులు వేస్తుంది, పడిపోతుంది.

"అక్కా, పరుగెత్తలేని జింకపిల్ల అంటే చిరుతకు విస్తరేసి వడ్డించినట్టే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది తల్లి లేడి.

బొంతమ్మ చేలోకి వెళ్లి కూలబడింది. కోపంతో నేలను దబదబా బాదింది.

"ఎవరమ్మా తలుపు కొట్టేది?" అంటూ ఒక వానపాము తల బయటపెట్టాడు. ఆయన పేరు మెత్తన్న.

"నేనే, మెత్తన్నా. ఏం చేసినా ఈ చేను మాట వినడంలేదు. అటుపోయినేడు నీళ్లు ఎక్కువ పెట్టాను. ఆకు ఏపుగా పెరిగింది, వేరు పెరగలేదు. పోయినేడు పచ్చిపేడ గుట్టలు పోశాను. వేరు చీలికలు పేలికలైంది. ఈ ఏడు విత్తనం రెండింతలు చల్లాను. ఇదిగో, ఎలుక తోకలు!"

"అది సరే. ఎన్నేళ్లుగా పెన్నేరు మీద పెన్నేరు వేస్తున్నావు?"

"ఎనిమిదేళ్లు."

"నిన్ను ఎనిమిదేళ్లు పడుకోనివ్వకపోతే?"

"అమ్మో! మధ్యాహ్నం కునుకు లేకపోతేనే నేను కనపడ్డవాళ్లను కరుస్తాను."

"చేను కరవలేదు కదా, పాపం. వేరు సన్నం చేసి చెబుతోంది. నేల పెంకులా గట్టిపడింది. తినడానికి ఆకు లేదు, దూరడానికి సందు లేదు. మావాళ్లంతా వాగు ఒడ్డుకు వలసపోయారు, నేనొక్కణ్ణే మిగిలాను. ఒక ఏడాది పడావు పెట్టమ్మా. పెన్నేరు వెయ్యకుండా చేనును పడుకోనివ్వు. తొలకరికి జనుము మాత్రం చల్లు. పూతకొచ్చాక కొయ్యకు, అక్కడే మట్టిలోకి తొక్కెయ్. అది చేను తిండి."

"మరి చుక్కికి మందు?"

మెత్తన్న తల మట్టిలోకి లాక్కున్నాడు. బొంతమ్మ తన గుహ వైపు చూసింది. ఎందుకంటే దాని గుహలో, పైన, ఒక బుట్ట వేలాడుతోంది. బుట్టలో పాత మంచి వేర్లున్నాయి. చలి మొదలైతే బొంతమ్మ మోకాళ్లు పట్టేస్తాయి. వాటికోసం దాచుకున్నవి. ఆ బుట్ట ఇచ్చేస్తే, చేను కూడా పడుకుంటే, ఇక తనకేం మిగులుతుంది?

ఇక్కడ కథ కాసేపు ఆపుతాను. మీరైతే ఇచ్చేవాళ్లా? ఆహా! నిన్న దిండు కింద పల్లీపట్టీ దాచింది ఎవరో నాకు తెలుసులే.

బొంతమ్మ బుట్ట దించింది.

"రోజుకొకటి దంచి పెట్టు" అని లేడికి ఇచ్చింది.

"మరి నీ మోకాళ్లు, అక్కా?"

"అవి నాతోనే ఉంటాయి. ఎక్కడికి పోతాయి?"

తొలకరి పడింది. బొంతమ్మ జనుము చల్లింది. చేనంతా పచ్చగా లేచి, పసుపుపచ్చగా పూసింది. "అయ్యో, ఎంత బాగుందో!" అంటూనే దాన్ని మట్టిలోకి తొక్కేసింది. అంతే, ఇక పని లేదు.

పని లేకపోవడమే పెద్ద పని అని బొంతమ్మకు అప్పుడు తెలిసింది.

పెన్నేరు చల్లే అదను వచ్చింది. సంచిలో విత్తనాలు గలగలమన్నాయి. బొంతమ్మ గట్టు మీద అటూ ఇటూ తిరిగింది. చిటికి ఊరుకుంటుందా?

"అత్తా, చేను పడుకుందటగా? గురక వినపడటంలేదే!"

"నీ చెవులు పొడుగే గానీ పనికిరావు, పో!" అంది బొంతమ్మ. కానీ విత్తనం చల్లలేదు.

తర్వాత గంభీరయ్య వచ్చాడు. "ఒక్క మూల వేసుకోమ్మా. ఎవరు చూడొచ్చారు?"

"చేను చూస్తుంది, అన్నయ్యా" అంది బొంతమ్మ. కానీ ఆ మూలకేసి రెండుసార్లు చూసింది.

ఆ తర్వాత లేడి వచ్చింది. "అక్కా, చుక్కి ఇప్పుడు వాగు దాకా నడుస్తోంది. పరుగు మాత్రం రావడంలేదు. బుట్టలో చూస్తే గుప్పెడు వేర్లే ఉన్నాయి."

ఈసారి బొంతమ్మ ఆగలేకపోయింది. సంచి పట్టుకుని చేలోకి ఉరికింది. విత్తనం వెయ్యడానికి పంజాతో నేలను గీరబోయింది. పంజా సర్రున మణికట్టు దాకా దిగిపోయింది! బొంతమ్మ బిత్తరపోయింది. పోయినేడు ఇదే నేల గోళ్లు విరగ్గొట్టింది. ఇప్పుడు లోపల చల్లగా, మెత్తగా, తడిగా ఉంది. వేళ్ల మధ్య ఏదో మెలికలు తిరిగింది.

"చక్కిలిగిలి పెట్టకమ్మా!" అన్నాడు మెత్తన్న. వెనక నుంచి ఇంకో పది గొంతులు కిసకిసలాడాయి. వలసపోయినవాళ్లు తిరిగొచ్చారు.

బొంతమ్మ పంజా మెల్లగా బయటికి తీసింది. నిద్రపోయే పిల్లను లేపకుండా ఎలా తీస్తామో, అలా తీసింది. సంచి మూతి గట్టిగా ముడేసింది.

"ఇంకొన్నాళ్లు ఓపిక పట్టమ్మా" అంది లేడితో. "ఉన్నవాటిని సగం సగం చేసి పెట్టు."

"అలాగే, అక్కా. వేరుకు బదులు నేనేమివ్వగలను? మా మందను రోజూ నీ చేలోనే పడుకోమంటాను. మా పెంటికలతో ఎరువైనా దక్కుతుంది. అంతమంది మధ్యలో చుక్కి కూడా భద్రంగా ఉంటుంది" అంది లేడి.

ఆ ఎండాకాలమంతా చేలో జింకల మంద పడుకుంది. చేను, జింకలు కలిసే నిద్రపోయాయి.

మరుసటి ఏడు బొంతమ్మ పెన్నేరు చల్లింది, ఈసారి పల్చగా. చలికాలం చివర ఆకులు పండాయి. కాయలు ఎర్రబడ్డాయి. అడవి అడవంతా గట్టు మీద చేరింది. బొంతమ్మ ఒక మొక్క పెకలించింది.

జానెడు పొడుగు వేరు! నా చిటికెన వేలి కంటే లావు!

గంభీరయ్య వేరు విరిచాడు. టప్! లోపల తెల్లగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. గంభీరయ్య ముక్కుపుటాలు అదిరాయి.

"పెద్దనాన్నా!" అని ఒక ఓండ్ర పెట్టాడు. ఆ ఓండ్రకు చెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. లేడి "హమ్మయ్య!" అంటూ అక్కడే కూర్చుండిపోయింది. మొదటి వేరు చుక్కికే వెళ్లింది.

తవ్వకం పదిహేను రోజులు సాగింది. చివరి రోజు, చివరి కుప్ప. చుక్కి గంభీరయ్య పక్కనే నిలబడి ఆకులు నములుతోంది. చివరి వేరు వాసన మరీ ఘాటుగా ఉందేమో, గంభీరయ్య ముందు తుమ్మి, ఆ తర్వాత చుక్కి చెవిలోనే ఓండ్రపెట్టాడు.

చుక్కి అదిరిపడింది. ఒక్క గెంతు గెంతింది. చేను దాటింది, గట్టు దాటింది, దిబ్బ దాటింది! "ఆగవే, ఆగవే!" అంటూ లేడి వెంటపడింది. అందితేగా! లేడి నవ్వుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ నవ్వుతోంది. వాళ్ల వెనకే బొంతమ్మ కూడా చప్పట్లు కొడుతూ పరుగెత్తింది.

"అత్తా!" అని అరిచింది చిటికి. "నీ మోకాళ్లు?"

బొంతమ్మ ఠక్కున ఆగింది. వంగి మోకాళ్లు చూసుకుంది. నొప్పి లేదు. బుట్ట ఇచ్చేశాక ఒక్క వేరు కూడా తినలేదు. కానీ పోయినేడంతా చాళ్లు తవ్వలేదు, కలుపు తియ్యలేదు, బరువు మొయ్యలేదు.

"అయితే ఏడాదంతా పడుకుంది చేనా, నువ్వా?" అంది చిటికి.

"ఇద్దరం" అంది బొంతమ్మ.

అప్పటినుంచి ప్రతి మూడో ఏడు ఆ చేను పడుకుంటుంది. ఎవరైనా అటు వెళ్తే చిటికి గట్టు మీద చెవి ఆనించి కనిపిస్తుంది. "ష్! గురక పెడుతోంది" అంటుంది. ఈసారి ఎగతాళికి కాదు. బాగా వినండి, లోపల వానపాములు నిజంగానే ఏదో చప్పుడు చేస్తుంటాయి.

నీతి: అలిసిన నేలను లాగితే వచ్చేది ఎలుక తోక, పడుకోనిస్తే వచ్చేది వేరు. ఆగడం కూడా సేద్యంలో ఒక పనే.