బెల్లం గుంతలో ఉల్లిపాయ

తన అసెంబ్లర్‌లో తప్పుందంటే గిరిధర్ ఒప్పుకోలేదు. రమీజా రాసిన ఆదేశాలను యంత్రం చదివే అంకెలుగా మార్చేది ఆ ప్రోగ్రామే. ఆ అంకెల ప్రకారం బత్తాయి చెట్ల చీనీ తోటలో డ్రిప్పు నీళ్లు వదలాలి. మొదటి వరుసకు వదులుతోంది. రెండో వరుసలో ఆకులు ముడుచుకుంటున్నాయి.

"మొదటి వరుసకు నీళ్లు ఎంతసేపో మెమరీ గడిలో రాసిన ప్రతిసారీ పక్క గడిలో ఉన్న రెండో వరుసది సున్నా అయిపోతోంది. నేను దాన్ని ముట్టుకోనే లేదు" అంది రమీజా.

"నేను పరీక్ష చేశాను. గడికి పట్టే రెండు బైట్లు రాయమంటే రాస్తోంది. తిరిగి చదివితే అదే అంకె వస్తోంది. తప్పు నీదే."

"ఔలే, నీ అసెంబ్లర్ దేవుడిచ్చింది."

తోట ఆసామి ఈ పనికి వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు. రమీజా వైర్లు చుట్టి సంచిలో సర్దుకుంటోంది.

ఇద్దరికీ పని నేర్పి, తన ఇంటి ముందు గదిలోనే చోటిచ్చిన ఓబులేశు సార్ వంటింట్లోంచి గిరిధర్‌ను పిలిచారు. పొయ్యి మీద గుంత పొంగణాల పెనం ఉంది. ఒక గుంతలో బెల్లం పిండి సగానికి పోసి ఉంది.

"పక్క గుంతలో కారం పిండి పొయ్యప్పా" అని గరిటె అందించారు. అది పప్పు వడ్డించే పెద్ద గరిటె.

గిరిధర్ గరిటెడు పిండీ పోశాడు.

"నీ గుంత నిండిందా?"

"నిండింది సార్."

"బాగా చూడు."

"అంచుదాకా ఉంది సార్."

"మరి బెల్లం దాంట్లో ఉల్లిపాయ ఎవరేసినారు?"

గిరిధర్ పెనం వైపు చూశాడు. గరిటె కింద పెట్టి ముందు గదిలోకి వెళ్లాడు.

ఈసారి పక్క గడిలో ముందుగా ఒక అంకె ఉంచి, తర్వాత తను పరీక్షించే గడిలో రాయించాడు. తన గడి సరిగ్గానే ఉంది. పక్క గడిలో సున్నా. రెండు బైట్లు రాయమన్న చోట అసెంబ్లర్ నాలుగు బైట్లు రాసే ఆదేశం ఇస్తోంది. పరిమాణం తెలిపే బైటు ఒకటి ఆదేశానికి ముందు చేర్చాలి. గిరిధర్ అది మరిచాడు.

తర్వాత లేచి, రమీజా సంచిలోంచి వైర్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమైంది?"

"నీ ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చొద్దు. ఆసామితో నేను మాట్లాడతా."

ఓబులేశు సార్ పళ్లెం తెచ్చి గిరిధర్ ముందు పెట్టారు. అందులో రెండు పొంగణాలు. ఒకటి కారంది. రెండోది కారమూ కాదు, బెల్లమూ కాదు.

గిరిధర్ కారం దాని మీద చెయ్యి వేశాడు.

"రెండూ నీవే" అన్నారు సార్.