పాట విరిగిన చోటు

ఒక రాజు దగ్గర పాటలు కట్టే యంత్రం ఉండేది. ఎలాంటి పాట కావాలో మాటల్లో రాసిస్తే చాలు, క్షణంలో పాడి వినిపించేది. అలా రాసే కాగితాన్ని ప్రాంప్ట్ అనేవారు. అది రాయడానికి కొలువులో ఒక లేఖిక ఉండేది.

ఒకసారి రాజుకు సముద్రం అవతలి లాటిన్ పాప్ పాటల మీద మనసు పోయింది. లేఖిక "గిటారు, చప్పట్లు, ఎండ, సముద్రం, ప్రేమ" అని రాసిచ్చింది. యంత్రం పాడింది. రాజు పెదవి విరిచాడు.

"ఉప్పు లేని పప్పులా ఉంది," అన్నాడు.

ఆ పాటల దేశం నుంచి వచ్చిన గాయని ఒకామె రేవులో చేపలు వేయించి అమ్ముతోందని విని లేఖిక అక్కడికి వెళ్లింది. పది రోజులు ఆమె పక్కనే కూర్చుంది. ఆమె చప్పట్లు తాళానికి వెంట్రుకవాసి వెనకగా పడుతున్నాయి. మూడో చరణంలో గొంతు జీరపోతోంది.

"అక్కడ గొంతెందుకలా అవుతుందక్కా?"

"అక్కడ మా తమ్ముడు మతేయో గుర్తొస్తాడు తల్లీ. వాణ్ణి సముద్రం మింగేసింది," అంది గాయని, పెనం మీద చేపను తిరగేస్తూ.

లేఖిక ప్రాంప్ట్‌లో అన్నీ రాసింది. చివర్న ఇలా చేర్చింది: "మూడో చరణంలో గొంతు జీరపోవాలి. వినడానికి తియ్యగా ఉండాలి."

ఈసారి ఊరు ఊరంతా ఊగిపోయింది. గొంతు జీరపోయే చోట జనం ఈలలు వేశారు. లేఖిక చెవులు మూసుకుంది. రాజు మాత్రం ఆ పాట తనదేనని ముద్ర వేయించాడు.

వారం తిరక్కుండా భటులు గాయనిని సభకు పట్టుకొచ్చారు. నేరం, రాజుగారి పాటను అనుకరించడం.

లేఖికకు ఒళ్లు మండిపోయింది. "ప్రభూ, దొంగతనం చేసింది నేను. అసలు పాట ఆమెది!"

"అయితే పాడమను. తేల్చేద్దాం."

గాయని పాడింది. రెండో చరణం మధ్యలోనే గొంతు జీరపోయింది. మూడో చరణం నున్నగా దాటిపోయింది. సభ గొల్లుమంది. యంత్రం వందసార్లు పాడినా చోటు తప్పదు మరి.

"ఇవాళ వాడు ముందే గుర్తొచ్చాడు," అంది గాయని.

"చూశావా, నకలు కూడా సరిగ్గా చేతకాదు," అన్నాడు రాజు లేఖికతో. "ఎక్కడ జీరపోవాలో ఈవిడకూ ఒక ప్రాంప్ట్ రాసివ్వు."

లేఖిక కలం అందుకుంది. గబగబా రాసింది. ఆ కాగితం గాయనికి ఇవ్వకుండా, నేరుగా సింహాసనం దగ్గరకు వెళ్లి రాజు చేతిలో పెట్టింది. రాజు పైకి చదివాడు.

"ఏడవండి. ఇప్పుడే. కానీ అందంగా."

రాజు మొహం జేవురించింది. "నేనేడవడమేమిటి? ఎవరు పోయారని?" అని గర్జించాడు.

సభలో ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రమే లేఖికను కొలువు నుంచి, గాయనిని రేవు నుంచి వెళ్లగొట్టారు. యంత్రం ముందు కొత్తవాణ్ణి కూర్చోబెట్టారు. మహా వినయస్థుడు.

"ప్రభూ, పాటలో దుఃఖం ఏపాటి ఉండాలి?" అని అడిగాడు, కలం పైకెత్తి.



"ఎవరికీ నొప్పి పుట్టనంత," అన్నాడు రాజు.