ఏమీ జరగనందుకు దండం

భ్రమరాంబ గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. ఆవిడ ముందు కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంటారు. ప్రశ్న మరిచిపోయారేమోనని అడిగినవాళ్లకు అనుమానం వచ్చేదాకా తుడుస్తూనే ఉంటారు. విశాఖపట్నం ఆటోనగర్‌లో, ఆసుపత్రి యంత్రాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో, కేబుళ్లూ వాటి కనెక్టర్లూ చూసే విభాగానికి ఆవిడ పెద్ద ఇంజనీరు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ ఈ తుడవడం సంగతి తెలుసు. కొత్తగా చేరిన విశాలికి మాత్రం ఇంకా అలవాటు కాలేదు. పైగా ఆ రోజు ఆ అమ్మాయికి ఒళ్లు మండిపోతోంది.

మండదా మరి? నెలలు నిండకుండా పుట్టిన పసికందుల గుండెను కనిపెట్టుకుని ఉండే కొత్త మానిటర్ ఒకటి ముందురోజే ఊళ్లోని ఒక ఆసుపత్రికి వెళ్లింది. ఆ సందర్భంగా కంపెనీలో సన్మానం చేశారు. డిస్‌ప్లే తయారుచేసిన వాళ్లకు శాలువాలు కప్పారు. ప్రోగ్రాం రాసిన వాళ్లకు కప్పారు. పెట్టెకు ఏ రంగు వేయాలో చెప్పిన ఆయనకు కూడా కప్పారు. కేబులు వచ్చి పెట్టెలో చేరే చోట ఉండే బొటనవేలంత కనెక్టరు ఊసు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. అది విశాలి చేసిన పని.

ఆ బొటనవేలంత దానికోసం ఆ పిల్ల పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. పసిగుండె పంపే సంకేతం ఎంత సన్ననిదంటే, పక్కన ఏ మోటారు తిరిగినా, ఏ ఫోను మోగినా ఆ రొద వచ్చి అందులో కలుస్తుంది. అందుకే లోపలి తీగల చుట్టూ రాగిపోగుల అల్లిక ఒకటి తొడుగులా ఉంటుంది. అది కనెక్టరు దాకా వచ్చాక దాన్ని ఏం చేయాలన్నదే అసలు చిక్కు. విశాలి మొదట ఆ అల్లికను చక్కగా జడలా మెలిపెట్టి, కొసను ఒక్కచోట సోల్డర్ చేసి తెచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. భ్రమరాంబ గారు చూసి "చుట్టూ" అన్నారు. జడ విప్పి, అల్లికను కనెక్టరు లోహపు గోడ చుట్టూ పరిచి, ఉంగరం వేసి బిగించాలని దాని అర్థం. విశాలి అలాగే చేసి తెచ్చింది. ఒక పక్కన, రొద దూరేందుకు వెంట్రుకంత సందు మిగిలింది. "చుట్టూ" అన్నారు మళ్లీ. పెట్టె మీద కనెక్టరు కూర్చునే చోట రంగు అడ్డొస్తే లోహానికి లోహం తగలదని, ఆ రంగు కూడా గీకించారు. అలా "చుట్టూ, చుట్టూ" అనిపించుకుంటూనే ఎండాకాలం మొత్తం గడిచిపోయింది.

ఇక ఉండబట్టలేక విశాలి అడిగేసింది.

"మేడమ్, మన పని బాగుంటే ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు ఎవరైనా దండం పెడతారా? నన్ను డిస్‌ప్లే విభాగానికి పంపించేయండి."

కళ్లజోడు కొంగులోకి వెళ్లింది. అది బయటికి రాకముందే ఫోను మోగింది. ఆసుపత్రి పసిపిల్లల వార్డు నుంచి సిస్టర్ ఎస్తేరు.

"మేడమ్‌గారూ, మీ కొత్త మిషను పాడైపోయినట్టుందండి. నిన్న పెట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా అరవలేదు. నాకు భయంగా ఉంది, కొంచెం రండి."

విశాలి పనిముట్ల సంచీ అందుకుంది. గుండె లయ తప్పితే అరవడమే ఆ మానిటర్ పని. అది మూగబోయిందంటే, అందుకు తన కనెక్టరే కారణమైతే? శాలువాలూ డిస్‌ప్లే విభాగమూ ఒక్కసారిగా బుర్రలోంచి ఎగిరిపోయాయి. ఇద్దరూ వెంటనే ఆసుపత్రికి బయలుదేరారు.

వార్డులో ఇంక్యుబేటర్ లోపల పిడికెడంత పాప. పక్కన స్టూలు మీద తల్లి నూకరత్నం, గోడకు తల ఆనించి నిద్రపోతోంది. విశాలి ఆమెను పట్టించుకునే స్థితిలో లేదు. సిస్టర్ మూలనున్న పాత మానిటర్ తెచ్చి పాపకు తగిలించగానే, విశాలి కొత్తదాన్ని బల్ల మీదికి చేర్చింది. గుండెచప్పుళ్లను అనుకరించే చిన్న పరీక్షపెట్టెను దానికి కలపబోయింది.

సరిగ్గా అప్పుడే, గోడ అవతల ఆపరేషన్ థియేటర్లో కాటరీ మిషను వేశారు. నెత్తురు ఆగడానికి కరెంటుతో కాల్చే పరికరం అది. ఇక్కడ పాత మానిటర్ మీద గీత పిచ్చెత్తినట్టు గెంతింది. అలారం గొల్లుమంది.

నూకరత్నం స్టూలు మీంచి పడబోయి లేచింది. ఇంక్యుబేటర్‌ను రెండు చేతులా పట్టుకుంది.

"ఏటైందమ్మా! నా పిల్లకి ఏటైంది!"

ఆ ముఖం చూసి విశాలి చేతులు ఆగిపోయాయి.

"ఏం కాలేదమ్మా, ఆ పక్క గదిలో మిషను. నీ పాప బంగారంలా ఉంది, చూడు" అని ఆమెను కూర్చోబెట్టి, సిస్టర్ ఇటు తిరిగింది. "ఈ పాతదాంతో రోజూ ఇదే గోలండి. వాళ్లు అక్కడ వేసినప్పుడల్లా ఇది ఇక్కడ అరుస్తుంది. మేం పరిగెత్తుతాం, ఈ అమ్మాయి ప్రాణాలు పైకి పోతాయి. కొత్తది అసలు అరవకపోయేసరికి చచ్చిందేమో అనుకున్నాను."

విశాలి వంగి పాత మానిటర్‌కు కేబులు చేరే చోటు చూసింది. కనెక్టరు మూత పగిలి లోపలి సంగతి కనబడుతోంది. రాగి అల్లికను చక్కగా జడలా మెలిపెట్టి, కొసను ఒక్కచోట సోల్డర్ చేశారు. ముచ్చటగానే ఉంది.

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. అలారం మోగుతుందని నూకరత్నానికి ముందే చెప్పించి, పరీక్షపెట్టెలో గుండెచప్పుడు నెమ్మది చేసింది. కొత్త మానిటర్ వెంటనే అరిచింది. వేగం పెంచింది. మళ్లీ అరిచింది. మామూలు చేస్తే ఊరుకుంది. దానికి ఏ జబ్బూ లేదు. సిస్టర్ దాన్ని తిరిగి పాపకు తగిలించింది.

కాసేపటికి ఆవిడ గోడ వైపు చెవి పెట్టి, "మళ్లీ వేశారండి" అంది. గోడ అవతల సన్నగా కుయ్‌మంటోంది. విశాలి తెర వైపు చూసింది. గీత తన దారిన తాను పోతోంది. చిన్న చిన్న గుండెచప్పుళ్లు ఒకదాని వెనక ఒకటి, ఏ తొందరా లేకుండా వస్తున్నాయి. ఏమీ జరగకపోవడాన్ని ఆమె కళ్లారా చూడడం అదే మొదటిసారి.

నూకరత్నం గోడ వైపు బెదురుగా చూసింది. తెర వైపు చూసింది. కొంతసేపు అలాగే చూస్తూ కూర్చుంది. తర్వాత కళ్లు వాలిపోయాయి, తల మెల్లగా గోడకు ఒరిగింది.

విశాలికి ఎండాకాలమంతా విసుగు లేకుండా "చుట్టూ" అన్న ఆ పెద్దావిడకు అక్కడికక్కడే చేతులెత్తి మొక్కాలనిపించింది. కళ్లు తుడుచుకుని, పనిముట్ల సంచీ తీయబోతే లోపలి సామాను గలగలమంది.

భ్రమరాంబ గారు ఆమె చేయి పట్టుకుని ఆపారు. కళ్లజోడు తీశారు కానీ తుడవలేదు.

"చప్పుడు చేయకమ్మా" అన్నారు, స్టూలు వైపు చూస్తూ. "ఆ అమ్మాయి నీకు దండం పెడుతోంది."