బూరెకి తీసిన దిష్టి

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. తల ఇటు పెట్టు. నువ్వు ఊఁ కొట్టడం మానేస్తే నేను చెప్పడం మానేస్తాను, ముందే చెప్తున్నా. ఇది నవ్వుకునే కథ కాదు తల్లీ. కుక్క కథే కావాలని పట్టుబట్టావు కనక చెప్తున్నాను.

అనగనగా ఉప్పుటేటి ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో నరసాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు గవర్రాజు. ఇద్దరూ ఏట్లో గుల్లలు ఏరుకొచ్చి, బట్టీలో పేర్చి కాల్చి, సున్నం చేసి అమ్ముకునేవాళ్ళు. ఊళ్ళో గోడలకీ వాళ్ళ సున్నమే, తాంబూలాలకీ వాళ్ళ సున్నమే. వాళ్ళకి పిల్లలు లేరు. ఒక కుక్క ఉండేది.

దాని పేరు బూరె. నవ్వకు. కూనగా ఉన్నప్పుడు గుండ్రంగా, ఎర్రగా, అప్పుడే నూనెలోంచి తీసిన బూరెలా ఉండేదిట. దానికో అలవాటు ఉంది. నరసాయమ్మ చేత్తో పెడితేనే తినేది. గవర్రాజు పెడితే వాసన చూసి మొహం తిప్పుకునేది. గిన్నెలో వేసి వెళ్ళిపోతే చీమలు తినాల్సిందే. "దీని వేషాలు మండిపోనూ, నన్ను ఒక పెళ్ళికి పోనివ్వదు, ఒక పేరంటానికి పోనివ్వదు" అని నరసాయమ్మ అందరి దగ్గరా విసుక్కునేది. లోపల మాత్రం ఎంత మురిసిపోయేదో.

ఒకరోజు చేపల కాసులమ్మ వాళ్ళ వాకిట్లో గంప దింపింది. బూరెని చూసి, "అబ్బ, ఏం పెట్టి పెంచుతున్నావే నరసాయీ, దూడలాగుంది!" అంది. ఆ మాటకి నరసాయమ్మ పొంగిపోయి, ఆ రోజు కొన్న చేపల తలకాయలన్నీ ఉడకబెట్టి బూరెకే పెట్టేసింది.

మర్నాడు బూరెకి కడుపు చెడిపోయింది. చెడదూ మరి? మొన్న నువ్వు జంతికల డబ్బా ఖాళీ చేసినప్పుడు ఏమైంది? ఒక పూట పస్తుంటే తగ్గిపోయేదే. కానీ నరసాయమ్మకి చేపల తలకాయలు గుర్తు రాలేదు. కాసులమ్మ అన్న మాట గుర్తొచ్చింది. "దిష్టి కొట్టింది నా బిడ్డకి" అంది.

అప్పుడు ఏం చేసిందంటే, అన్నం వండి మూడు ముద్దలు చేసింది. ఒకదాంట్లో పసుపు కలిపింది. ఒకదాంట్లో బొగ్గుపొడి కలిపింది. ఒకదాంట్లో పసుపూ సున్నమూ కలిపితే అది ఎర్రగా వచ్చింది. ముద్దలు విడిపోకుండా నూనె వేసి గట్టిగా పిసికింది. సాయంత్రం దీపాలవేళ వాటిని బూరె చుట్టూ మూడుసార్లు తిప్పి, తీసుకెళ్ళి మూడు దారులు కలిసేచోట పెట్టింది. పెట్టాక ఎవరితోనూ మాట్లాడకూడదు. వెనక్కి తిరిగి అసలు చూడకూడదు. చూస్తే పోయిన దిష్టి మళ్ళీ వెంటే వచ్చేస్తుందని వాళ్ళ నమ్మకం. అందుకని తలొంచుకుని గబగబా ఇంటికొచ్చి, గుమ్మంలో కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళింది. ఆ తర్వాత కాసేపటికి బూరె కూడా తోకాడించుకుంటూ వచ్చింది. "చూశావా, అప్పుడే హుషారు వచ్చింది" అంది నరసాయమ్మ.

తెల్లారేసరికి బూరె లేవలేదు. కక్కుకుంది. నీళ్ళలా విరోచనాలు. కడుపు లోపలికి లాక్కుని, మూలకెళ్ళి మూలిగింది.

నరసాయమ్మ వాము కషాయం కాచి పోసింది. దానిమ్మ తొక్క ఎండబెట్టి నూరి మజ్జిగలో కలిపి పట్టించింది. వారం తిరిగేసరికి కాస్త కోలుకుంది. హమ్మయ్య అనుకుంది. మళ్ళీ రాకుండా ఉండాలని ఆదివారం ఇంకోసారి దిష్టి తీసింది.

సోమవారం మళ్ళీ పడిపోయింది.

అలాగే నడిచింది తల్లీ, ఎన్ని వారాలో. సోమవారం పడిపోవడం, శనివారానికి లేవడం. లేచిందని సంబరపడి ఆదివారం దిష్టి తీయడం, మళ్ళీ పడిపోవడం. నరసాయమ్మ కళ్ళు గుంటలు పడ్డాయి. వాకిలి కడిగీ కడిగీ చేతులు నీళ్ళలో నాని పాసిపోయాయి. బట్టీ దగ్గరికి వెళ్ళడం మానేసింది. కుక్క డొక్కలు లెక్కపెట్టేలా అయిపోయింది. దాని పేరు పిలవాలంటేనే ఆవిడకి ఏడుపొచ్చేది.

గవర్రాజు సైకిలు వెనక బుట్ట కట్టి, దాన్ని పక్క ఊరి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నరసాయమ్మ పక్కనే నడుచుకుంటూ వెళ్ళింది.

"ఏం తిందమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"నా చేతి ముద్ద తప్ప ఇంకోటి ముట్టదు బాబూ."

"బయట ఏదైనా పనికిమాలింది తిని ఉంటుంది. చూసుకోవాలి మరి" అని మందు ఇచ్చాడు. ఆ మందుతో శనివారానికి లేచింది. ఎలాగూ లేచేదే అనుకో.

బయట తిని ఉంటుందన్న మాట నరసాయమ్మ మనసులో ముల్లులా దిగిపోయింది. ఎవరో పెడుతున్నారు అనుకుంది. ఎవరు? ఇంకెవరు, ఆ రోజు దిష్టి పెట్టిన కాసులమ్మే! మర్నాడు కాసులమ్మ వీధిలోకి రాగానే గంపకి అడ్డం నిలబడి, "నా గొడ్డుబోతు బతుక్కి ఉన్నది అదొక్కటే, దాన్ని కూడా చూసి ఓర్వలేకపోయావటే!" అని నోటికొచ్చినట్టు తిట్టింది. కాసులమ్మ గంప సర్దుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ వీధి మొహం చూడలేదు. పాపం, ఆవిడ చేసిన తప్పేమిటి? కుక్క బాగుంది అంది. అంతేగా.

చివరికి ఒక ఆదివారం గవర్రాజు అరుగు మీద కూర్చుని తల దించుకునే అన్నాడు, "నరసాయీ, దాని బాధ నేను చూడలేకపోతున్నాను. ఈసారి పడితే డాక్టరుని పిలుస్తాను. సూదిమందు ఇస్తే నిద్రలోనే పోతుందిట."

నరసాయమ్మ లేచింది. లోపలికెళ్ళి అన్నం వండింది. ఈసారి ఏ దిష్టీ మిగలకూడదనుకుంది. ముద్దలు పెద్దవి చేసింది. బట్టీలోంచి అప్పుడే తెచ్చిన ఘాటు సున్నం రెండింతలు వేసింది. ఏడుస్తూ వేసింది. బూరె చుట్టూ తిప్పుతుంటే అది సరిగ్గా నిలబడలేక గోడకి ఆనుకుని, ఆవిడ చేతుల్నే చూస్తోంది.

ఆ తర్వాత మూడు దారుల దగ్గర ముద్దలు పెట్టింది. తలొంచుకుని ఇంటివైపు మళ్ళింది. నాలుగడుగులు వేసిందో లేదో, వెనకాల ఎవరో దగ్గినట్టు అయింది. మనిషి దగ్గు కాదు.

ఆగిపోయింది. తిరిగితే దిష్టి వెంటొస్తుంది. తిరగకపోతే ఆ దగ్గు ఏమిటో తెలియదు. అక్కడే నిలబడి దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకుంది. మళ్ళీ దగ్గు వినబడింది. ఇంక ఉండబట్టలేక తిరిగింది.

బూరె ఆ ఎర్ర ముద్ద తింటోంది. గొంతు మండి దగ్గుతోంది, దగ్గుతూనే తింటోంది. ఆవిడ చూడగానే తోక ఊపింది.

ఎందుకు తింటుందని అడగవేం? నోరు కాలే అన్నం ఏ కుక్కైనా తింటుందా? అది నరసాయమ్మ చేత్తో పిసికిన అన్నం కదా తల్లీ. ఆ వాసన దానికి చాలు. అమ్మ నా చుట్టూ తిప్పింది, ఇక్కడ పెట్టింది, నాకోసమే పెట్టింది అనుకుంది. ప్రతి ఆదివారం మసక చీకట్లో ఆవిడ వెనకే నడిచి వచ్చి, ఆవిడ తలొంచుకుని మళ్ళాక పెట్టినదంతా తినేసి, వెనకే ఇంటికెళ్ళేది. ఆవిడ ఒక్కసారీ తిరిగి చూడలేదు.

నరసాయమ్మ దాని నోట్లో వేళ్ళు పెట్టి ముద్ద లాగేసింది. ఆవిడ కేక విని వీధి వీధంతా వచ్చింది. ఆ వీధి మొహం చూడనన్న కాసులమ్మ కూడా వచ్చింది. నరసాయమ్మ ఆవిడ కాళ్ళ మీద పడబోతే, కాసులమ్మ పట్టుకుని, "ముందు దాని సంగతి చూడవే" అంది.

డాక్టరు వచ్చి చూశాడు. సూదిమందు వేయనన్నాడు. అలాగని బాగు చేస్తాననీ అనలేదు. "లోపలంతా పుండైపోయిందమ్మా. పల్చటి గంజి పట్టిస్తే ఉన్నన్నాళ్ళు ఉంటుంది. ఎన్నాళ్ళని మాత్రం నన్నడక్కండి" అన్నాడు.

మర్నాడు గంజి కాచారు. నరసాయమ్మ తన చెయ్యి ముందుకు చాపలేకపోయింది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని గోడవారగా కూర్చుంది. గిన్నెలో పోస్తే బూరె ముట్టలేదు. గవర్రాజు చేత్తో పట్టిస్తే పెదవి తడుపుకోలేదు. కాసులమ్మ బతిమాలింది, వినలేదు. తల నేలకి ఆన్చి, ఆ కొంగు వంకే చూస్తూ పడుకుంది.

"పెట్టవే. నువ్వు పెట్టకపోతే ఆకలితో పోతుంది" అన్నాడు గవర్రాజు.

అప్పుడు నరసాయమ్మ కొంగులోంచి చెయ్యి తీసింది. దోసిట్లో గంజి పోసుకుంది. సగం నేల మీదే ఒలికింది. మిగిలిన సగం దాని మూతి దగ్గర పెట్టింది. బూరె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వాసనైనా చూడకుండా, దోసిలంతా నాకేసింది.

ఏమిటీ? దానికి కోపం రాలేదా అనా?

రాలేదు తల్లీ. వచ్చి ఉంటే బాగుండేది. ఒక్కసారి మొహం తిప్పుకున్నా, ఆ నరసాయమ్మ గుండె కాస్త తేలికపడేది.

ఏడవకు, ఇలా దగ్గరికి రా. చెప్పు నాతో పాటు.

కథ పోయె కంచికి,
కునుకు వచ్చె మంచానికి,
గుప్పెడు గంజి బూరెకి,
గుండెల మీది చోటు నా తల్లికి.