మాడిన పెసరట్టు

కాకినాడలో సినిమా చదువు చదువుకునే విభాకర్ అనే కుర్రాడికి కోపం ముక్కు మీదే ఉండేది, ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే అంతెత్తున లేచేవాడు. తెలివైనవాడే, అందులో సందేహం లేదు. కెమెరా పట్టుకుంటే చెయ్యి వణికేది కాదు. ఏ వెలుతురు ఎటునుంచి పడాలో చిటికెలో చెప్పేవాడు. కానీ దేవుడిచ్చిన రెండు చెవులూ కళ్ళజోడు తగిలించుకోవడానికే అనుకునేవాడు. వాడితో వేగడం ఎంత కష్టమో వాడి జట్టులో పడ్డవాళ్ళకే తెలుసు.

ఆ ఏడాది వాడి జట్టులో పడ్డవాళ్ళు ఇద్దరు. ఒకడు ఏసుబాబు, ఎవరు గట్టిగా మాట్లాడినా తల దించుకునే రకం. రెండోది హిమజ, తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే మాత్రం ఆలోచించే మాట్లాడుతుంది.

గున్నేశ్వరరావు మాస్టారు ఆఖరి ఏడాది పిల్లలకు ఒక పని అప్పగించారు. జట్టుకు ముగ్గురు. ఒక థ్రిల్లర్ సినిమాకు మొదటి రెండు నిమిషాలు మాత్రమే తీయాలి. తరువాత ఏమైందో తెలియకపోతే చూసినవాడికి అన్నం సయించకూడదు. ఎవరిది అందరికంటే బాగుంటే వాళ్ళకు కాలేజీలో ఉన్న ఒకే ఒక మంచి కెమెరాను వేసవి సెలవులంతా ఇస్తారు. ఆ కెమెరాతో పూర్తి సినిమా తీసుకోవచ్చు. విభాకర్ రెండేళ్ళుగా దాని కోసమే కాచుకుని ఉన్నాడు. రోజూ క్లాసుకు వెళ్ళేముందు అద్దాల బీరువా దగ్గర ఆగి, దాన్ని ఒకసారి చూసుకునిగాని కదిలేవాడు కాదు.

ఆ కాలేజీలో కథ ఎంచుకోవడానికి ఒక ఆచారం ఉండేది. గేటు ఎదురుగా నూకరత్నం అనే ఆవిడ పెసరట్ల బండి నడిపేది. కథ చెప్పదలచుకున్నవాళ్ళు ఆవిడ పెనం మీద పిండి పోయగానే మొదలుపెట్టాలి. ఆవిడ కథలో పడిపోయి, అట్లకాడ చేతిలోనే ఉంచుకుని, అట్టు తియ్యడం మరిచిపోయి మాడ్చేస్తే ఆ కథ నెగ్గినట్టు. ఘుమఘుమలాడే అట్టు చేతికొస్తే కథ ఓడినట్టు. మాడిన అట్టును కథ చెప్పినవాళ్ళే గర్వంగా తినాలి. నలుగురికి అట్లు వేస్తూ, చట్నీ వడ్డిస్తూ, పొయ్యి మంట చూసుకునే మనిషిని రెండు నిమిషాలు అన్నీ మరిపించడం అంత తేలిక కాదు. అందుకే మాస్టారు కూడా ఆ పరీక్షను ఒప్పుకునేవారు.

మొదటి రోజు ముగ్గురూ క్యాంటీన్ వెనక మెట్ల మీద కూర్చున్నారు. హిమజ నోట్సు తెరిచింది.

"నాకో ఆలోచన వచ్చింది. ఒకమ్మాయి మధ్యాహ్నం పూట కాలేజీ నుంచి ఇంటికొస్తుంది..."

"ఆగాగు," అన్నాడు విభాకర్. "పట్టపగలా? థ్రిల్లర్ అంటే ఏంటనుకున్నావు? ఆదివారం మహిళల కార్యక్రమం అనుకున్నావా?"

"పూర్తిగా విను."

"వినడానికేముంది? పగలు అన్నావు, అక్కడే పోయింది."

హిమజ నోట్సు మూసేసింది. ఏసుబాబు ఏదో అనబోయి, విభాకర్ మొహం చూసి తల దించుకున్నాడు. ఇక విభాకర్ తన కథ చెప్పాడు. హోరున వాన. ఉరుములు, మెరుపులు. పాడుబడ్డ గోడౌనులో ముసుగు మనిషి, చేతిలో పొడుగాటి కత్తి. ఎవరో పరిగెడతారు, పడిపోతారు, కేక. నేల మీద రక్తం. ఇలాంటివి వాడు వంద చూసి ఉంటాడు. చూసిందంతా తన బుర్రలోనే పుట్టిందని నమ్మడం వాడికి కొత్తేమీ కాదు.

మర్నాడు బండి దగ్గరకు వెళ్ళారు. నూకరత్నం పిండి పోసి, గరిటెతో గుండ్రంగా తిప్పి, చుట్టూ నూనె వేసింది. విభాకర్ చేతులు తిప్పుతూ కథ అందుకున్నాడు. ముసుగు మనిషి కత్తి ఎత్తేసరికి ఆవిడ మధ్యలో అడిగింది.

"ఉల్లిపాయ వెయ్యమంటావా బాబూ?"

ఏసుబాబుకు నవ్వు ఆగలేదు. అట్టు బంగారు రంగులో చక్కగా కాలి ఆకు మీదికొచ్చింది. విభాకర్ పళ్ళు పటపట కొరికాడు. దాన్ని ముట్టుకోలేదు.

ఆ మర్నాడు కథలో ఇంకో ఇద్దరిని చంపి మళ్ళీ వచ్చాడు. నూకరత్నం ఈసారి శ్రద్ధగానే విన్నది. వింటూనే అట్టు మడిచి తీసేసింది.

"పాపం, ఎవరు బాబూ ఆ చచ్చిపోయినోళ్ళు? ఆళ్ళకి పేరు లేదా? ఆళ్ళెవరో తెలిస్తే కదా నాకు భయం వేసేది!"

ఎంత మంచి మాట! డబ్బిచ్చి చదివినా దొరకని పాఠం. బుద్ధి ఉన్నవాడైతే నోట్సులో రాసుకునేవాడు. విభాకర్‌కు మాత్రం చిర్రెత్తుకొచ్చింది.

హిమజ మెల్లగా ముందుకొచ్చింది. "పిన్నీ, ఇంకో అట్టు పొయ్యండి. నేను చెబుతాను. ఒకమ్మాయి మధ్యాహ్నం ఇంటికొస్తుంది. తలుపుకు తాళం వేసి ఉంది. తాళంచెవి తన చేతిలోనే ఉంది..."

"నువ్వు ఉండు!" అని కస్సుమన్నాడు విభాకర్. "ఇక్కడ డైరెక్టర్‌ను నేను. తాళమట, తాళంచెవట! నూకరత్నం పిన్నీ, అసలు మీరు సరిగ్గా వినడం లేదు. మీ ధ్యాసంతా చట్నీ మీదే ఉంది."

నూకరత్నం అప్పుడే పిండి పోసింది. ఆ మాటకు గిరుక్కున తిరిగింది.

"నేను వినడం లేదా? పదేళ్ళుగా మీ కాలేజీ కథలన్నీ వింటున్నాను. నీ కథలో పస లేకపోతే నా చెవులేం చేస్తాయి?"

"మీకేం తెలుసు సినిమా గురించి?"

"తెలీకపోతే నా బండి దగ్గరికెందుకు వచ్చావు? ఆ పిల్లని ఒక్క ముక్క చెప్పనియ్యవు, నన్ను ఒక్క మాట అననియ్యవు! మీ ఇంట్లో పెద్దోళ్ళతో కూడా ఇలాగే మాట్లాడతావా?"

మాటకు మాట పెరిగింది. వాడు రోడ్డు మీదివాళ్ళు ఆగి చూసేటట్టు అరిచాడు. ఆవిడ అట్లకాడ ఊపుతూ ఉతికి ఆరేసింది. ఇంతలో గుప్పున పొగ లేచింది. పెనం మీద పెసరట్టు బొగ్గయి కూర్చుంది.

విభాకర్ ఒక్క క్షణం దాన్ని చూశాడు. వాడి మొహం వెలిగిపోయింది.

"మాడింది! అట్టు మాడింది! నా కథ నెగ్గింది!"

"అన్యాయం," అంది హిమజ. "అది కథకు మాడలేదు."

"ఆచారం ఏంటి? అట్టు మాడాలి. మాడిందా లేదా? ఏసుబాబూ, నువ్వు చెప్పు, మాడిందా లేదా?"

ఏసుబాబు నేల చూపులు చూస్తూ మాడిందన్నాడు. నూకరత్నం పెనం గీకడం మొదలుపెట్టింది. విభాకర్ ఆ నల్లటి అట్టును కరకరా నమిలి మింగాడు. చేదుకు కళ్ళలో నీళ్ళు తిరిగినా ఒక్క ముక్క వదల్లేదు.

హిమజ సంచీ భుజాన వేసుకుంది.

"నా కథ నచ్చలేదంటే ఊరుకునేదాన్ని. నువ్వు వినలేదు విభాకర్. రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ నోరు మూయించావు. నీ జట్టూ వద్దు, నీ కెమెరా కలా వద్దు. మాస్టారికి చెప్పి ఒక్కదాన్నే తీసుకుంటాను."

"తీసుకో పో! నీ తాళంకప్పను చూసి జనం జడుసుకుంటారు!" అని వెనక నుంచి అరిచాడు విభాకర్.

తరువాతి వారం విభాకర్ ఊరి బయట మూతపడ్డ గోడౌను ఆవరణలో సినిమా తీశాడు. ఏసుబాబుకు ముసుగు వేశాడు. రబ్బరు గొట్టంతో వాన కురిపించాడు. ఏసుబాబు ముసుగు తీసి మెల్లగా అన్నాడు.

"విభాకర్, నేల మీద చూడు, నా నీడ..."

"నటించు! వెలుతురు గురించి నాకే చెబుతావా? నీడల సంగతి నీకెందుకు?"

ఏసుబాబు మళ్ళీ ముసుగు తగిలించుకున్నాడు. ఆ తరువాత వాడు ఏమీ చెప్పలేదు. చెప్పి తిట్లు తినడం ఎవరికి సరదా?

శనివారం మధ్యాహ్నం కాలేజీ హాల్లో కిటికీలకు తెరలు కట్టి అందరి సినిమాలూ వేశారు. ఆచారం ప్రకారం నూకరత్నాన్ని ముందు వరుసలో కూర్చోబెట్టారు. విభాకర్ ఆమె వైపు చూడకుండా వెళ్ళి, మాస్టారి పక్కన కూర్చున్నాడు. బీరువాలోంచి తీసిన ఆ మంచి కెమెరా బల్ల మీదే ఉంది. వాడి చూపంతా దాని మీదే ఉంది.

వాడి సినిమా మొదలైంది. హోరున వాన, గుండెలదిరేలా ఉరుము. ముసుగు మనిషి కత్తితో వచ్చాడు. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకింది. అంత వానలో, అన్ని ఉరుముల మధ్య, నేల మీద మిట్టమధ్యాహ్నపు ఎండ ఫెళ్ళున కాస్తోంది. ముసుగు మనిషి కాళ్ళ దగ్గర వాడి నీడ కూడా పరిగెడుతోంది.

"నవ్వకండి!" అని లేచి అరిచాడు విభాకర్. "నవ్వడానికి ఏముంది ఇందులో?"

దాంతో ఇంకా నవ్వారు. వాడి మొహం కందగడ్డలా అయింది. ఏసుబాబు వైపు కొరకొరా చూశాడు. ఏసుబాబు ఈసారి తల దించుకోలేదు.

చివరగా హిమజ సినిమా వేశారు. సెల్‌ఫోనుతో తీసింది. వాళ్ళిల్లే, వాళ్ళ వీధే. ఎండలో ఒకమ్మాయి ఇంటికొచ్చింది. గుమ్మం ముందు చెప్పులు విప్పింది. తలుపుకు తాళం వేసి ఉంది. సంచీలోంచి తాళంచెవి తీసి తాళంలో పెట్టింది. అప్పుడు లోపల, వంటింట్లో, కుక్కర్ విజిల్ వేసింది.

హాల్లో అందరూ కుర్చీల్లో ముందుకు వంగారు.

ఆ అమ్మాయి చెయ్యి తాళం మీదే ఉండిపోయింది. ఫోన్ తీసింది. "అమ్మా, ఎక్కడున్నావు?" "ఆఫీసులోనే. ఏమ్మా?" రెండో విజిల్ వినిపించింది. ఆమె తాళంచెవిని చప్పుడు కాకుండా వెనక్కి తీసింది. మూడో విజిల్. ఆ వెంటనే లోపల ఎవరో టిక్కుమని స్టవ్ కట్టేశారు. సినిమా అయిపోయింది.

"ఓరి నాయనో! లోపల ఎవరే?" అని నూకరత్నం కుర్చీలోంచి లేచిపోయింది. హాలంతా ఒక్కసారిగా తరువాతేమైందని అడిగింది. విభాకర్ చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. రెండుసార్లు తన ముందు పెట్టిన కథ అది! తన చేతికి రావలసిన కథ! ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే చాలు, ఆ కెమెరా ఈ రోజు తనదే అయ్యేది. వాడికి తన మీద తనకే పుట్టిన కోపాన్ని మింగడం చేతకాలేదు. అలవాటు ప్రకారం దాన్ని ఎదుటివాళ్ళ మీదికి విసిరాడు.

"ఇది చెల్లదు మాస్టారూ! నా కథకు అట్టు మాడింది. ఏసుబాబే సాక్షి. పరీక్ష నెగ్గింది నేను!"

గున్నేశ్వరరావు మాస్టారు నూకరత్నం వైపు చూశారు. ఆవిడ కొంగు నడుముకు దోపుకుంది.

"ఆ పిల్ల మొన్న ఒక్కతే వచ్చి ఈ కథ చెప్పిందండి. రెండో విజిల్‌కే నా అట్టు మాడిపోయింది. ఇకపోతే బాబూ, ఆ రోజు నీ అట్టు మాడింది నీ కథకి కాదు, నీ నోటికి. నీ అరుపులకి మాడింది. అరిచి అట్టు మాడ్చడానికి సినిమా చదువెందుకు? మా వీధిలో అందరికీ వచ్చు!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అదే వాడికి ఎక్కువ బాధనిపించింది. విభాకర్‌కు తల కొట్టేసినట్టయింది. చూస్తుండగానే మాస్టారు కెమెరా తీసి హిమజ చేతికిచ్చారు.

మూడు రోజులు వాడు కాలేజీకి రాలేదు. నాలుగో రోజు వచ్చి, ముందు నూకరత్నం బండి దగ్గర ఆగి, "తప్పయింది పిన్నీ" అన్నాడు. ఆవిడ చేసే పని ఆపకుండా తలూపింది. తరువాత మెట్ల మీద హిమజ, ఏసుబాబు పూర్తి సినిమా సంగతి మాట్లాడుకుంటూ కూర్చుని ఉంటే అక్కడికి వెళ్ళి నిలబడ్డాడు.

"కెమెరా నేను పట్టుకోనా?" అని అడిగాడు.

హిమజ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని ఎక్కడుంది? వాడిని కాసేపు నిలబెట్టే ఉంచింది.

"కెమెరా ఏసుబాబు చూసుకుంటాడు. వాడికి నీడలు కనబడతాయి. నాకు మైకు పట్టుకునే మనిషి కావాలి."

"మైకా?" వాడి ముక్కుపుటాలు అదిరాయి. నోటిదాకా ఏదో మాట వచ్చింది.

"షాటు నడుస్తున్నంతసేపూ మైకు పట్టుకున్నవాడు నోరు మెదపకూడదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్రతి చిన్న చప్పుడూ వినాలి. చేతనవుతుందా?"

విభాకర్ నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. ఏసుబాబు పక్కన కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆ ఇంట్లో ఉన్నది ఎవరో చెప్పు. ఈసారి చివరిదాకా వింటాను," అన్నాడు.

హిమజ నోట్సు తెరిచి చెప్పసాగింది. వాడు ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

నీతి: నోరు చేసుకుని నెగ్గిన మాట నలుగురి ముందు నిలవదు. ఎదుటివారి మాటను చివరిదాకా విన్నవాడికే మంచి ఆలోచన దక్కుతుంది.