రైట్ రైట్

ఏదైనా అడిగితే అదే రోజు జవాబు చెప్పే అలవాటు నరహరి పంతులుగారికి లేదు. పప్పైనా నానితేనే కదా ఉడికేది అంటారు. సాయంత్రాలు ఆయన దగ్గర పద్యాలు నేర్చుకునేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. రజితకూ తెలుసు. అయినా ఆ రోజు కడుపు మండి వచ్చింది కాబట్టి ఉండబట్టలేక అడిగేసింది.

ఆదిలాబాద్ వైపు పుష్యమాసపు చలి ఎలాంటిదో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. తెల్లారినా మంచు విడవదు, ఎదురింటి గుమ్మం కనబడదు. ఆ ఊరికి పొద్దున ఒకటే బస్సు. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వచ్చినా, నిండి ఉంటే ఆగకుండా పోతుంది. పట్నంలో డిగ్రీ చదివే రజిత ఆ మహాతల్లిని నమ్ముకునే కాలేజీలో చేరింది. ఆ పొద్దున చెయ్యెత్తింది, కేకేసింది, కొంతదూరం వెంట పరుగెత్తింది కూడా. బస్సు ఆగలేదు. మర్నాడు కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష, అది తప్పితే ఏడాది పోయినట్టే.

"చలిలో నిలబడ్డ మనుషుల్ని కళ్లారా చూసి కూడా వదిలేసి పోవడానికి మనసెలా ఒప్పుతుంది, పంతులుగారూ?"

పంతులుగారు శాలువా సర్దుకున్నారు. తనకు ఈమధ్య చూపు మసకబారిందని, రేపు పట్నంలో కంటి డాక్టరు రమ్మన్నాడని, ఇద్దరం కలిసే పోదామని చెప్పి ఊరుకున్నారు. రజితకు ఒళ్లు మండింది.

మర్నాడు బస్సు ఆలస్యంగానైనా వచ్చింది. ఏ దేవుడు కరుణించాడో, ఆగింది కూడా. లోపల ఆవగింజ వేస్తే రాలదు. రజిత పంతులుగారిని ముందు ఎక్కించి, ఆయన వెనక పై మెట్టు మీద ఉండగా, తాను కింది మెట్టు మీద బయటికి చూస్తూ తలుపు పట్టుకుని నిలబడింది. పరీక్షకు వేసుకునే తెల్లకోటు చంకలో పెట్టుకుంది. కండక్టర్ టికెట్లు కొడుతూ ఎక్కడో మధ్యలో ఇరుక్కుపోయాడు. అలాంటప్పుడు తలుపు దగ్గర ఎవరుంటే వాళ్లే కండక్టర్లు. బస్సు రేకు మీద ఒకసారి చరిస్తే ఆపమని, రెండుసార్లు చరిస్తే పొమ్మని. మంచులో డ్రైవర్‌కు ఎడమపక్క ఏమీ కనబడదు కాబట్టి ఆ చప్పుడును బట్టే నడుపుతాడు.

పక్క ఊరి స్టాపు రాగానే బస్సు నెమ్మదించింది. లోపలినుంచి కండక్టర్ అడిగాడు, "స్టేజీ కాడ ఎవరన్న ఉన్నరా, బిడ్డా?"

ఉన్నారు. మఫ్లర్లు చుట్టుకున్న మగవాళ్లు, నెత్తిన మూట పెట్టుకుని ఒక ముసలామె, వాళ్లందరికంటే ముందుకొచ్చి చెయ్యెత్తిన ఒక పిల్ల. ఆ పిల్ల చేతి మీద తెల్లకోటు వేలాడుతోంది. రజిత చూసింది. ఇప్పటికే ఆలస్యమైంది, వీళ్లంతా ఎక్కేసరికి పరీక్ష మొదలైపోతుందని భయపడింది. చెయ్యి లేచి రేకు మీద పడింది. రెండుసార్లు పడింది.

"ఎవ్వరు లేరన్నా. రైట్ రైట్."

బస్సు వేగం అందుకుంది. ఆ పిల్ల కొంతదూరం వెంట పరుగెత్తింది.

రజితకు పరీక్ష అందింది, బాగానే చేసింది. పక్క బల్ల దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. మేడమ్ ఒక పేరు రెండుసార్లు పిలిచి, పలికేవాళ్లు లేక తరవాతి పేరుకు వెళ్లిపోయింది. ఆ పేరు రజితకు ఇప్పటికీ గుర్తుందంటారు.

ఆ సాయంత్రం పాఠానికి అందరికంటే వెనక వచ్చి గుమ్మం దగ్గరే కూర్చుంది. మిగతావాళ్లు వెళ్లిపోయాక ఏడ్చింది. ఉన్నారని చూసి కూడా లేరన్నానని, తన ముఖం తనకే చూసుకోబుద్ధి కావడం లేదని చెప్పుకుంది. నిన్న అడిగినదానికి జవాబు నేనేనా అని అడిగింది.

పంతులుగారు కళ్లలో వేసుకోవాల్సిన చుక్కల మందు మూత తీయకుండానే పక్కన పెట్టేశారు.

"తలుపు దగ్గర నువ్వున్నావు. నీ వెనక నేనున్నాను," అన్నారు. "నా చూపు మరీ అంత మసకేమీ కాదు, బిడ్డా."