ఎలుగుబంటి వార్డులో తెల్ల టోపీలు

కొండ కింద అడవి ఆసుపత్రి. ఇరవై పడకలకి ఒకే నర్సు, మేక. ఒకప్పుడు ఐదుగురుండేవాళ్లు. ఇద్దరు నడుములు పోయి మానేశారు, ఇద్దరు రోగుల తన్నులు తిని మానేశారు. వాళ్ల చోట ఎవర్నీ వెయ్యలేదు సూపరింటెండెంటు నక్క.

మొన్న ఒంటరిగా ఎలుగుబంటికి కట్టు మారుస్తుంటే అది విసిరిన దెబ్బకి మేక కొమ్ము విరిగింది. ఎలుగుని పట్టుకోడానికి ఇంకొకరుంటే విరిగేది కాదు. ఈసారి విరిగేది మెడేనని మేక భయం.

నక్క నవ్వుతూ వచ్చింది. "నొప్పెలా ఉందమ్మా?"

మేకకి అనుమానమేసింది. మూడేళ్లలో ఇదెప్పుడూ తన ఒంటి సంగతి అడిగిన పాపాన పోలేదు.

"ఏంటి సార్ విశేషం?"

"రేపు సింహంగారి తనిఖీ. నువ్వు నోరు మూసుకుని నిలబడు చాలు."

తెల్లారేసరికి వార్డులో నలుగురు కొత్త నర్సులు! తెల్ల టోపీల కింద పొడుగు మూతులు. అందరూ నక్క బావమరుదులే.

"ఐదుగురూ ఉన్నారే!" అంది సింహం. అనుమానం వచ్చే ఉంటుంది. కడుపు నిండిన రాజులకి అడిగే ఓపికుండదు. "మరి ఆ కొమ్ము?"

"దూకుడెక్కువ ప్రభూ. తనే విరగ్గొట్టుకుంది" అంది నక్క.

మేకకి ఒళ్లు మండింది. "ప్రభూ, నా డ్యూటీ అయిపోయింది. డ్యూటీ దిగే నర్సు ఎక్కే నర్సుకి మంచం దగ్గరే చార్జి అప్పజెప్పాలిగా?"

"అది నేను పెట్టిన పద్ధతే. కానివ్వు."

మేక మందుల పళ్లెం మొదటి టోపీకి అందించింది. "తమ్ముడూ, ఎలుగు మామ భుజానికి కట్టు గుడ్డ అంటుకుపోయింది. తడిపి ఊడదియ్యి. లాగావో, కొడతాడు."

ఎలుగు ఒక కన్ను తెరిచింది.

"టోపీ పెట్టుకుంటే చాలన్నావు కదా బావా!" అని అరిచాడు వాడు. మరుక్షణం నాలుగు టోపీలూ నేలమీద, నాలుగు తోకలూ గుమ్మం బయట.

సింహం నక్క వైపు తిరిగింది. "అయితే కట్టు నువ్వు మార్చు."

"నేనొక్కణ్ణేనా ప్రభూ? ఇంకొకరు పట్టుకోకపోతే చంపేస్తాడు!"

అనేశాక గానీ నక్కకి తనేమందో తెలియలేదు. వార్డంతా విన్నది.

"నలుగురు నర్సుల్ని వేసేదాకా ఆ నలుగురి పనీ నీదే" అంది సింహం.

నీతి: నర్సును ఒంటరిగా నిలబెట్టేవాణ్ణి ముందు ఒక పూట ఆ మంచం పక్కన నిలబెట్టాలి.